లాగి వదిలితే

హన్మకొండ నయీంనగర్‌ల మూడో అంతస్తు.
కింద జిరాక్సు సెంటరు, పైన మేం నలుగురం.
మిర్చి రేట్లు చెప్పే యాప్ మాది.
పొద్దుగాల ఎనుమాముల యార్డుల జెండా పాట కాంగనె
మా శ్రావణ్ అక్కడికెళ్లి అంకె కొట్టి పంపుతడు.
ఆ ఒక్క అంకె మర్నాటి దాక మారదు.

మారదని యాప్‌ల రాసే ఉంది.
అయినా గుంజుతరు.
తెరను బొటనవేలుతో కిందికి గుంజి వదులుతరు,
ఎండిన చేదబావిల బొక్కెన వేసినట్టు,
నీళ్లు లేవని తెలిసీ.

మార్చి నెల సర్వరు కిరాయి
మా రూము కిరాయిని దాటింది.
చిట్టా తీసి చూసిన.
ఒక్కటే నంబరు, రాత్రి పదకొండుకు మొదలుపెట్టి
నాలుగున్నర దాక
మూడు వందల పన్నెండు సార్లు.
దొంగ ప్రోగ్రామేమో అనుకున్న.
ప్రోగ్రామయితే గడియారం లెక్క వస్తది.
ఇది అట్ల లేదు. నడుమ ఏడు నిమిషాలు ఆగింది,
మళ్ల గబగబ ఆరు సార్లు, ఇంకోపారి ఆగింది.
మనిషే.

హద్దు పెట్టిన. ఆరు వరుసల కోడు.
పదిహేను నిమిషాలకు ఒక్కపారి.
నడుమ ఎవలన్న గుంజితే ఏం చెప్పాలె?
"మీ పరిమితి ముగిసింది" అని రాయమన్నడు పెద్దసారు.
ముగిసిపోనీకి అదేమన్న దగ్గు మందు సీసానా?
"జర ఆగుండ్రి" అని రాసిన.
మర్యాదగ రాసిననని మురిసిన గూడ.

రెండోనాడు ఫోనొచ్చింది.
"ఆగుండ్రి అన్నదెవలు?"
"నేనే."
"మూడు దినాల సంది ఆగుడే కద నా పని."

యార్డుకు పోయిన. గేటు దాటకముందే తుమ్ములు.
తుమ్ముకుంటనే అడుగుకుంట పోయిన.
పేరు ఓదెలు, రేగొండ దిక్కు.
ఇరవై రెండు బస్తాల తేజ, మీద పరదా,
పరదా మీద ఆయన.
తేమ ఉందని కాంటా కాలే.
ఫోను గాజు మీద బొటనవేలి జాగల ఎర్ర మరక.
ఆ వేలు కంటికి తగలకుండ
మోచేత్తో మొఖం తుడుసుకున్నడు.

"రాత్రిపూట రేటు మారదే" అన్న.
"నాకెరుక లేదా?"
"మరెందుకు?"
చానసేపు ఏమనలే.
హమాలీలు మా నడుమల నుంచే బండి తోసుకపోయిండ్రు.
"గుంజినప్పుడు గుండ్రం తిరుగుతది సూడు,
గప్పుడు అవుతల ఎవలో
నా కోసం దేవులాడుతున్నట్టు ఉంటది.
నువ్వు దాన్నే తిరగనిస్తలేవు."

వాపసొచ్చి కోడు మార్చిన.
మొదటిసారి నిజంగనే సర్వరు దాక పోతది.
ఆ తర్వాత పదిహేను నిమిషాలు
ఎన్నిసార్లు గుంజినా గుండ్రం ఊకె తిరుగుతది,
రెండు సెకన్లు, ఎవ్వల్నీ అడగకుండ,
ఫోన్లనే ఉన్న పాత అంకెను తెచ్చి ముందల పెడుతది.
కింద సన్నగ: పొద్దుగాల తొమ్మిదింటి రేటు.
అబద్ధం ఆడలేదనేతందుకు ఆ అక్షరాలే నాకు సాక్షి.
చత్వారం ఉన్నోళ్లకు అవి అవుపడయి.

బిల్లు సగమైంది.
పెద్దసారు అందరికి బజ్జీలు తెప్పిచ్చిండు,
మిర్చి బజ్జీలే.

ఇప్పుడు అర్ధరాత్రి చిట్టా తీస్తే
ఆ నంబరు ముంగట పావుగంటకొక గీత.
గీతకు గీతకు నడుమ
ఒక్కపారి గుంజిండో, యాభైపార్లు గుంజిండో,
వానకు పరదా సర్దుకుంటుండో,
నాకు ఎరుకయ్యే దారి నేనే మూసిన.

రెండుంబావుకు ఒక గీత.
రెండున్నరకు లేదు.
కునుకు పట్టిందేమో. ఛార్జింగు అయిపోయిందేమో.
రెండూ ముప్పై మూడు.
చిట్టా తెరను కిందికి గుంజి వదిలిన.
మళ్లొకపారి.